ఎక్కువైన చిల్లులు

మా పిన్నికి ముక్కు మీద కోపం. ఆ కోపమే నాకూ వచ్చింది కాబట్టి, ఈ సంగతి చల్లగా చెప్పమంటే నా వల్ల కాదు.

పిన్ని బ్యాంకులకి డబ్బు చేరవేసే వ్యానులో కాపలా ఉద్యోగి. నడుముకి పిస్టల్‌తో వెనక సీట్లో కూర్చునేది. ఆ కంపెనీలో ఆడవాళ్ళకి మామూలుగా ఇచ్చేది గేటు దగ్గర సంచులు తడిమే పని. అక్కణ్ణుంచి పిస్టల్ దాకా రావడానికి పిన్ని పడని పాట్లు లేవు. ఏటా తుపాకులు కాల్చే రేంజిలో గురి పరీక్ష పెడతారు. తప్పినవాళ్ళ పిస్టల్ తీసేసుకుని, పార్కింగులో నిలబెట్టి ఈల చేతికిస్తారు. పిన్నికి ఆ పని తలుచుకుంటేనే ఒళ్ళు మండేది.

కంపెనీ సాధనకి ఇచ్చే తూటాలు ఏ మూలకీ చాలవు. పిస్టల్ ఇంటికి తేనివ్వరు. అందుకని పిన్ని అద్దాలు తుడిచే స్ప్రే సీసాలో నీళ్ళు పోసుకుని వంటింటి గోడకి ఎదురుగా నిలబడేది. చెయ్యి చాచి, ఊపిరి సగం వదిలి ఆపి, సీసా మూతి కదలకుండా మీట నొక్కాలి. నీళ్ళు ఎప్పుడొస్తాయో తనకే తెలియనంత నెమ్మదిగా నొక్కాలి. వచ్చాక కూడా వెంటనే చెయ్యి దించకూడదు.

"గోడకి రోజూ నీళ్ళు పోస్తున్నావు. మొలకలొస్తే నాకూ చెప్పు" అనేవాడు బాబాయి.

"మీరు కాసేపు నోరు మూసుకుంటే అవే వస్తాయి" అనేది పిన్ని, గోడ మీంచి చూపు తిప్పకుండా.

రేంజికి నా బండి మీదే వెళ్ళేది, కాబట్టి అక్కడి సాధన కూడా చూశాను. ముందు ఖాళీ పిస్టల్‌తో చాలాసేపు. తర్వాత తూటాల మధ్య ఎక్కడో ఒక డమ్మీని, తనకి తెలియకుండా, పక్కవాళ్ళ చేత పెట్టించుకునేది. డమ్మీ పేలదు. మోతకి భయపడి చెయ్యి ముందే ఉలిక్కిపడితే, గొట్టం కిందికి వంగడం అప్పుడు అందరికీ కనిపిస్తుంది. మొదట్లో పిన్నిది బాగా వంగేది. వంగినప్పుడల్లా తనని తానే తిట్టుకునేది. తిట్టుకున్నకొద్దీ ఇంకా వంగేది. చివరికి తనకి తానే ఒక నియమం పెట్టుకుంది. ఒంట్లో కోపం ఉన్నంతసేపూ కాల్చకూడదు, పిస్టల్ బల్ల మీద పెట్టేయాలి. ఇంట్లో చిన్న మాటకే గిన్నెలు ఎగరేసే మనిషి, రేంజిలో గీత దగ్గర నిలబడితే నేనెరగని మనిషిలా ఉండేది.

ఈసారి పరీక్షలో పిన్ని పక్కన మీసాలాయన నిలబడ్డాడు. సూపర్‌వైజరుకి బావమరిది. సాధన చేయడం ఆయనకి నామోషీ. మీసాలకి చేసే సేవలో సగం చేతికి చేసుకుని ఉంటే నాకివాళ ఇంత రాసే పని ఉండేది కాదు.

అందరూ కాల్చాక గురి పెట్టిన అట్టలు తెచ్చి బల్ల మీద పరిచారు. పిన్ని అట్ట నడుమ చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. అంచుల్లో మాత్రం ఇంకో మూడు, తలో దిక్కున. మీసాలాయన అట్ట మీద సరిగ్గా మూడు తక్కువ. కంగారులో తన అట్ట వదిలేసి పక్క అట్టని కాల్చాడు మహానుభావుడు. ఆయన చెయ్యి అటు తిరగడం వెనక బెంచీ మీంచి నేను చూశాను. చూడకపోయినా, కళ్ళున్న ఎవరికైనా ఆ అట్టలు చాలు.

రేంజి ఆఫీసరు రెండు అట్టలూ చూశాడు. సూపర్‌వైజరు మొహం కూడా చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కువున్నప్పుడు బాగా తగిలినవే కొట్టేయాలమ్మా. రూలంతే. అవి ఆయనవి అయ్యుండొచ్చుగా."

"కొట్టేసినవి ఎవరికి వేస్తారు సార్?" అంది పిన్ని.

"తక్కువున్నవాళ్ళకి."

అంటే పిన్ని నడుమ కొట్టినవి ఆయనకి, ఆయన గాలికి కొట్టినవి పిన్నికి. ఆయన పాసు, పిన్ని ఫెయిలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీసాలాయన బూటు లేసులు సరిచేసుకుంటున్నాడు. నావే అటు పోయాయి అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది?

"ఇద్దరం మళ్ళీ కాలుస్తాం సార్" అంది పిన్ని.

"ఆయన పాసయ్యాడుగా. నీకు కావాలంటే నువ్వు కాల్చు. ఇప్పుడే, ఇక్కడే."

పిన్ని తూటాలు నింపి చెయ్యి చాచింది. దించింది. పక్క బల్ల దగ్గర మీసాలాయన సామాను సర్దుకుంటున్నాడు. పిన్ని మళ్ళీ చెయ్యి చాచింది, చటుక్కున దించేసింది. తూటాలన్నీ తీసి, పిస్టల్ బల్ల మీద పెట్టింది.

"ఈ రోజు కాల్చను సార్. రేపు పిలవండి."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. ఇప్పుడు కాల్చకపోతే ఫెయిలే."

"సరే, ఫెయిలనే రాసుకోండి."

ఇంటికొచ్చేదాకా పిన్నిని దులిపేశాను. వాళ్ళకి అలుసైపోయామన్నాను. అంత సాధన చేసి, అందరిముందూ చేతకానిదానిలా వచ్చేశావన్నాను. పిన్ని చేతులు కడుక్కుంటూ అంతా వింది. కుళాయి కట్టేశాక అంది.

"నాకు అట్ట కనపడలేదే. రెండోసారి చెయ్యి చాచినప్పుడు గొట్టం ఆ మీసాలాయన వైపు జరిగింది. నేను జరపాలనుకోలేదు, అదే జరిగింది. వేలు మీట మీదే ఉంది."



ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే, అలాంటి మనిషి చేతిలో పిస్టల్ లేకపోవడమే మేలంటారు. తన అట్టేదో పక్కవాళ్ళ అట్టేదో తెలియని మనిషి మాత్రం ఈ రోజు కూడా నడుముకి పిస్టల్ కట్టుకుని జనం మధ్య తిరుగుతున్నాడు.