పదిహేడు గొంతులు

నీలవేణి టీచరుకు కోపం వస్తే కేకలేసేది కాదు. గాలిలో ఆడుతున్న చేయి దించేసేది. అంతే, పదిహేడు మంది ఆడపిల్లలూ టక్కున నోళ్ళు మూసేసేవారు. ఎవరి గొంతు దారి తప్పిందో అందరికీ తెలిసేది. ఆ పిల్ల తల వంచుకునేది, పక్కనున్నవాళ్ళు కిసుక్కుమనేవారు, పాట మళ్ళీ మొదటికొచ్చేది.

అరకులోయకు అవతల కొండ మలుపులో ఉన్న గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆమె తెలుగు చెప్పేది. కాంట్రాక్టు ఉద్యోగం. పాట నేర్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సాలూరు దగ్గర కొండకింద పల్లెలో, రేకుల కప్పున్న ప్రార్థన మందిరంలో ఆమె తండ్రి హార్మోనియం వాయించేవాడు. కింది గొంతు, నడి గొంతు, పై గొంతు అని పల్లెవాళ్ళను మూడు వరసలుగా నిలబెట్టి పాడించేవాడు. ఆయన పోయాక హార్మోనియం అన్నగారి వాటాకు వెళ్ళింది, విద్య మాత్రం ఈమెకు మిగిలింది. ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదండీ" అనేది, నవ్వకుండా.

నిజానికి ఆ బడిలో ఆమెకు తీరిక ఉండేది కాదు. సాయంత్రం పిల్లలు బట్టలు ఉతుక్కుని వచ్చాక, భోజనాల గంట కొట్టేలోపు దొరికే ముప్పావుగంటలో పాట సాగేది. ఒక పిల్లది కువి భాష, ఒక పిల్లది ఆదివాసీ ఒడియా, ఇంకొకతెది కొండమీది తెలుగు. మాటల్లో కలవనివాళ్ళు పాటలో కలిసిపోయేవారు. ఆ ఏడు ఆమె స్వయంగా ఒక పాట కట్టింది. వలిసెలనే నూనెగింజలు విత్తే పాట. "విత్తు విత్తు వలిసె విత్తు, ఎత్తు కొండ వాలు మీద విత్తు" అని కింది గొంతులు అడుగులేస్తుంటే, పైన ఒకే ఒక్క గొంతు మాటల్లేకుండా సాగాలి, కొండ మీద మబ్బు కదిలినట్టు.

ఆ ఒక్క గొంతూ పాంగి చిట్టిది. తొమ్మిదో తరగతి. బక్కపలచటి పిల్ల, మాట్లాడితే పక్కవాళ్ళకు కూడా వినపడదు. పాడితే మాత్రం వంటమనిషి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. తల్లిదండ్రులు లేరు. ఈదులపుట్టు అనే గూడెంలో అమ్మమ్మ సోములమ్మ పెంచింది. ఆ పిల్ల నోట ఎప్పుడూ "మా ఆయి, మా ఆయి" అనే మాటే. అమ్మమ్మను వాళ్ళు ఆయి అంటారు.

మార్చిలో ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరమ్మ సీతామహాలక్ష్మి గారికి ఫోనొచ్చింది. కరోనా వల్ల హాస్టలు ఖాళీ చేయాలట. సాయంత్రానికల్లా పిల్లలు ట్రంకు పెట్టెలతో జీపులెక్కేశారు. "పది రోజుల్లో వచ్చేస్తారులే" అంది హెడ్మాస్టరమ్మ. పిల్లలు జీపులోంచే పాట అందుకున్నారు. మలుపు తిరిగేదాకా వినపడింది.

పది రోజులు రెండు నెలలయ్యాయి. ఆన్‌లైన్ క్లాసులని లింకులొచ్చాయి. పదిహేడు మందిలో ఇంట్లో ఫోనున్నవాళ్ళు నలుగురు. సిగ్నలు అందేది ఒక్కరికి, అదీ ఊరవతల బండ ఎక్కితే. అరకులో అద్దె గదిలో నీలవేణి ఒక్కతే కూర్చుని రోజంతా ఆ పాట గొణుక్కునేది. కింది గొంతు తను పాడితే పై గొంతు ఉండేది కాదు. పై గొంతు తను అందుకుంటే కింద నేల లేనట్టుండేది.

జూన్‌లో ఆమెకో ఆలోచన తట్టింది. బజార్లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న విజయనగరం కుర్రాడు బాలాజీ దగ్గరకెళ్ళింది.

"ఒక్కొక్క పిల్ల గొంతూ విడివిడిగా పట్టుకొస్తే అన్నీ కలిపి ఒక పాట చేయగలవా?"

"చేసీగలను మేడమ్. కానీ అందరూ ఒకే శ్రుతిలో, ఒకే తాళంలో పాడాలి. లేపోతే సంతే అవుతాది" అన్నాడు బాలాజీ. పాత ఫోనొకటి, ఇయర్‌ఫోన్లూ ఇచ్చాడు. ఒక ఫోనులో టీచరు పాడిన వరస వింటూ పిల్ల పాడాలి, రెండో ఫోను దాన్ని పట్టుకోవాలి.

అలా మొదలైంది ఆమె నడక. గూడేలన్నీ ఊరి మొదట్లో వెదురు గడలు అడ్డం కట్టుకున్నాయి. బయటివాళ్ళు రాకూడదు. ఆమె పేచీ పెట్టలేదు. మూతికి గుడ్డ కట్టుకుని అడ్డుగడకు ఇవతలే రాయి మీద కూర్చునేది. పిల్ల అవతల నిలబడి పాడేది. పాడాక అంతకుముందు గూడెంలో పట్టుకొచ్చిన గొంతు వినిపించేది. "ఇది నీల్సా గొంతే! జలుబు సేసినట్టుంది దానికి!" అని ఒకతె ఎగిరి గంతేసింది. ఇంకొకతె వినీ వినీ, స్నేహితురాలి గొంతు ఆగగానే ఏడ్చేసింది. ఊరివాళ్ళు కూడా గడల దగ్గర చేరి వినేవారు. నీలవేణి జీవితంలో ఎవరికైనా ఇంతగా పనికొచ్చిన రోజులు అంతకుముందు లేవు. మోకాళ్ళు వాచినా పగటిపూట ఎన్ని మెట్టలైనా ఎక్కేది.

జూలై నడిమికల్లా పదహారు గొంతులు దొరికాయి. మిగిలింది చిట్టి.

ఈదులపుట్టు చేరేసరికి సన్నగా వాన పడుతోంది. చిట్టి గడల అవతల గొడుగు పట్టుకుని ఎదురుచూస్తోంది. టీచరు వస్తోందని అంతకుముందే కబురందింది. మూడుసార్లు పాడింది, మూడుసార్లూ తాళం జారింది. వాన చప్పుడులో వరస సరిగా వినపడటం లేదు.

"నాను అటొచ్చేత్తాను టీచర్" అని గడ కింద నుంచి దూరి వచ్చేసింది చిట్టి. నీలవేణి వద్దనలేదు. ఒక ఇయర్‌ఫోను పిల్ల చెవిలో పెట్టి, రెండోది తన చెవిలో పెట్టుకుంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద తలలు ఆనించుకుని కూర్చున్నారు. పాడటానికి అడ్డమని మూతిగుడ్డలు కిందికి లాగారు. తాళం చెవిలోనే మెల్లగా చెబుతుంటే చిట్టి పాడింది. ఈసారి మబ్బు కదిలింది.  పాట చివర, ఫోను ఆపేలోపు, గూడెంలోంచి సోములమ్మ కేక వినపడింది.

"బేగి రా గుంటా, వానొత్తంది!"

ముసలమ్మ కాల్చిన మొక్కజొన్న పొత్తు తెచ్చి గడ మీదుగా అందించింది. "తిను టీచరమ్మా, ఎంత దూరం నడిసొచ్చినావో" అంది.

మర్నాడు నీలవేణి ఫోను బాలాజీకి అప్పగించింది. మూడో రోజు పొద్దున కాఫీ కాచుకుంది. పొంగి స్టౌ మీద పడింది. మాడిన వాసన రాలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. అల్లం నలిపి చూసుకుంది. అగరొత్తి వెలిగించింది. ఏ వాసనా లేదు. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఒంట్లో జ్వరం లేదు, దగ్గు లేదు. కళ్ళ ముందు గొడుగు ఒక్కటే కనిపించింది.

పరీక్ష చేశారు. ఉందన్నారు. మైదానంలో ఒక కాలేజీ హాస్టల్లో ఉంచారు. ఎవరెవరిని కలిశావని అడిగితే ఈదులపుట్టు పేరే ముందు చెప్పింది. గడ అవతల నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా చెప్పింది. ఆరోగ్య కార్యకర్త జయశ్రీ కొండెక్కేసరికి ఈదులపుట్టులో సగం ఇళ్ళు ఖాళీ. ఒంటిమీద చేయి వేసి జ్వరముందంటే కిందికి తీసుకుపోతారని, తీసుకుపోయినవాళ్ళు తిరిగి రారని ఎవరో చెప్పారట. ముసలమ్మను కూడా చేనుపాకలో దాచారు. చిట్టికి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడి తగ్గిపోయింది. సోములమ్మకు తగ్గలేదు. ఊపిరాడక గిలగిల్లాడుతుంటే అప్పుడు డోలీ కట్టారు. చిట్టి మేనమామ గాసీ, ఇంకో ముగ్గురూ మోశారు. రోడ్డు ఇంకా రెండు మెట్టల దూరంలో ఉండగానే, ప్రాణం పోయిందని మోసేవాళ్ళకు బరువు మారడంతోనే తెలిసిపోయిందట.

జయశ్రీ ఫోనులో ఈ సంగతి చెప్పి, "నీవల్లేనని ఎలాగ అనుకుంటావక్కా? సంతకెళ్ళినోళ్ళు లేరా?" అంది. నీలవేణి ఫోను పెట్టేసి బాలాజీకి చేసింది.

"ఆ పాట ఆపెయ్, బాబూ. ఎవరికీ ఇవ్వొద్దు."

"అయ్యో, నిన్ననే కలపడం అయిపోయిందండి. పెద్ద మేడమ్ గారు అడిగితే పంపించీసినాను" అన్నాడు బాలాజీ. "అదిరిపోయింది మేడమ్!"

ఆగస్టు తొమ్మిది, ఆదివాసీ దినోత్సవం. సీతామహాలక్ష్మి గారు పాటను అన్ని గ్రూపుల్లోనూ పెట్టింది. ఆఫీసర్లు చప్పట్ల బొమ్మలు పంపారు. ఎవరో మంచు కొండల ఫోటోలు జోడించి వీడియో చేశారు. హాస్టల్లో పక్క మంచం మీదున్న ఒకావిడ తన ఫోనులో అది పెట్టుకుని, "ఈ పైన పాడే పిల్లెవరో గానీ, గుండె పిండేస్తంది కదండీ" అంది. నీలవేణి దుప్పటి తలమీదకు లాక్కుంది. చిట్టి గొంతు దుప్పట్లోకి కూడా వచ్చింది.

సెప్టెంబరులో ఆమె ఈదులపుట్టు వెళ్ళింది. అడ్డుగడలు తీసేశారు. అయినా గడలుండిన చోటే ఆగిపోయింది. గాసి భుజాన కావిడితో ఎదురొచ్చి నిలబడ్డాడు. అతను తిట్టి ఉంటే ఆమెకు తేలికయ్యేది.

"నువ్వు మంచికే వొచ్చినావు టీచరమ్మా. ఆ సంగతి నాకు తెల్సు" అన్నాడు. "కానీ మా ఆడోళ్ళు నిన్ను సూత్తే బయపడతన్నారు. ఇంక రాకు."

చిట్టి ఇంట్లోంచి వచ్చింది. ఇంకా సన్నబడింది. ఏడుస్తుందేమో, కొడుతుందేమో అనుకుంది నీలవేణి. చిట్టి ఒకటే అడిగింది.

"టీచర్, ఆ రోజు మా ఆయి కేకేసింది కదా. అది ఫోన్లో పడిపోనాదా? పాటలో నేదు. మామ ఫోన్లో శానాసార్లు ఇన్నాను."

"ఉంటుందమ్మా. తెస్తాను" అంది నీలవేణి. చెప్పాలనుకున్నది చెప్పకుండానే కొండ దిగింది.

బాలాజీ కంప్యూటరంతా వెతికాడు. "చివర్న ఎవరో అరిచినట్టుంటే తీసీసినాను మేడమ్. పాట పాడైపోతాదని. ఫోను మెమొరీ నిండిపోతే అన్నీ తుడిసీసినాను" అన్నాడు. అతనికి ఏమీ తెలియదు. ఆమె ముఖం చూసి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు.

ఒట్టి చేతులతో మళ్ళీ ఈదులపుట్టు వెళ్ళే ధైర్యం ఆమెకు రాలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే అక్టోబరు గడిచింది. నవంబరులో బడి తెరిచారు. పదిహేడు మందిలో తొమ్మిదిమంది వచ్చారు. ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి. ముగ్గురు కాఫీ తోటల పనిలో కుదిరారు. ఒకతె ఎక్కడుందో ఇంటివాళ్ళే చెప్పలేకపోయారు. ఇంకొకతె రెండు నెలల కిందట పచ్చకామెర్లతో పోయింది. ఆ సంగతి బడికి ఎవరూ తెలియజేయలేదు. చిట్టి, ఎవరో మేస్త్రీ వెంట సముద్రం వైపు రొయ్యల కంపెనీకి వెళ్ళిపోయింది.

"ఇన్‌స్పెక్షనుకు వస్తున్నారు. ఆ పాట పాడించు నీలవేణీ. పిల్లల్ని కొత్తగా చేర్చుకో" అంది హెడ్మాస్టరమ్మ.

"నాకు రాదండీ" అంది నీలవేణి. "రాకపోవడమేమిటి?" అని ఆవిడ విస్తుపోయింది.  ఆ రోజునుంచి నీలవేణి సాయంత్రాలు పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పింది.

చిట్టి వెళ్ళిన రొయ్యల కంపెనీ ఎక్కడో తెలుసుకోవడానికి ఏడాది పట్టింది. ఒక ఆదివారం ఆమె రెండు బస్సులు మారి అక్కడికెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ పేరు రాయించుకుని, పావుగంటే అన్నాడు. చిట్టి నీలం టోపీ, రబ్బరు బూట్లతో వచ్చింది. ఐసులో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"ఏటి టీచర్, ఇంత దూరం వొచ్చీసినారు?"

"ఆయి గొంతు లేదమ్మా. తుడిచేశారు. అప్పుడే చెప్పాల్సింది."

"నేదనే అనుకున్నాను" అంది చిట్టి. "ఉంటే తెచ్చీవోరు కదా."

"ఇంకో మాట చెప్పాలి." నీలవేణి గేటు ఊచ పట్టుకుంది. "ఆ జ్వరం నేనే తెచ్చాను చిట్టీ. ఆ రోజు గొడుగు కింద... నాకు తెలియదు. కానీ నేనే."

 లోపల యంత్రాలు ఆగకుండా హోరుమంటున్నాయి.

"నాకు తెల్సు టీచర్. ఆయికి నానే అంటించినాను. అదీ తెల్సు. పాకలో దాని పక్కనే పడుకున్నాను." అలా అని తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మరి ఇప్పుడెందుకొచ్చినారు?"

 క్షమించమని అడగడానికి వచ్చానంటే, ఆ పిల్ల నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే. బడికి రమ్మనడానికి వచ్చానంటే, నీలవేణి కాంట్రాక్టే ఆ వేసవితో ముగిసిపోయింది. పిల్లలు తక్కువయ్యారని పోస్టు ఎత్తేశారు. నువ్వే చేశావన్నది అబద్ధమని చెప్పాలి, తప్పు నీది కాదని చెప్పాలి. నోరు తెరిచింది.  ఈలోగా లోపల గంట మోగింది. చిట్టి టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఆగుతుందేమోనని నీలవేణి చూసింది. ఆగలేదు.

ఇప్పుడామె సాలూరులో ఒక ప్రైవేటు బళ్ళో చేరి, చిన్న తరగతులకు అక్షరాలు దిద్దిస్తోంది. ఆదివారాలు మందిరానికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంటుంది. అందరూ పాటకు లేచి నిలబడితే తనూ నిలబడుతుంది. పెదవులు కదలవు. పక్కనున్నవాళ్ళు ఆమెకు పాట రాదేమో అనుకుంటారు.