స్టీలు పళ్ళెం చప్పుడు

మాది గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుల క్వార్టర్. మా ఆయన నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే, ఇంట్లో చెంచా కూడా కింద పడనివ్వం.

కిందటేడు అలాంటి ఒక మధ్యాహ్నం, డిగ్రీ చదివే మా అమ్మాయి కాలేజీ పోటీకి షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళు ఫోన్లలో మునిగి ఉంటే పక్కనే తింటున్న తల్లికి గొంతుకు అడ్డంపడి ఊపిరాడకపోవడం కథ. తల్లి వేషం నాది.

"సప్పుడు చెయ్యకు మమ్మీ, డాడీ లేస్తడు" అంది.

ముందున్న పళ్ళెంలోంచి మక్క గారె ముక్క నోట్లో పెట్టుకున్నాను. అది నిజంగానే గొంతుకు అడ్డం పడింది. గాలి ఆడడం లేదు, మాట రావడం లేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే పిచ్చిదానిలా చేతులు ఊపాను.

"సూపర్ మమ్మీ, గట్లనే!" అంటూ ఫోన్ పట్టుకుని ఇంకా దగ్గరికి వచ్చింది.

చూపు మసకబారిపోతోంది. స్టీలు పళ్ళెం ఎత్తి నేలకేసి కొట్టాను.

"ఏందే ఆ లొల్లి?" అని కోపంగా లేచొచ్చిన మా ఆయన, నా ముఖం చూడగానే ఉరికొచ్చాడు. నన్ను ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచాడు. ముక్క బయటపడింది.

"యాక్టింగ్ అనుకున్న మమ్మీ" అని అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఆ వీడియో తర్వాత ఒక్కసారే చూశాను. తెర నిండా నా ముఖమే. అంత దగ్గర నుంచి చూస్తూ కూడా నా బిడ్డకు నేను కనబడలేదు.