సత్యం పలికిన హార్డ్ డిస్క్

ఆ రోజుల్లో మా అనకాపల్లిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి డాక్టరుకిచ్చినంత మర్యాద ఉండేది. చేతిలో స్క్రూడ్రైవర్ కూడా ఉంటే ఇక సర్జనే. విశాఖపట్నంలో ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించుకొని (నేను శ్రద్ధగా చేసిన పని అదొక్కటే) బెల్లం మార్కెట్ దగ్గర మా బావ, అంటే మా అక్క మొగుడు, పెట్టిన డీటీపీ షాపులో చేరాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు ఆయన వ్యాపారం. కంప్యూటర్ ఆరోగ్యం నా బాధ్యత. అది ఎప్పుడు మొరాయించినా నా వైద్యం ఒకటే: ర్యామ్ ఊడదీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం. చాలాసార్లు పనిచేసేది. చేయనప్పుడు "వైరస్" అనేవాణ్ణి. ఈ రెండూ కాని జబ్బు ఇంకోటి ఉంటుందని నాకు తోచనే లేదు.

ఆ ఏడాది ఎస్. రాయవరం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు బస్సులో మా షాపుకి వస్తుండేవారు. చదువురాని వాళ్లమ్మ ఊరి చర్చిలోను, చెరకు తోటల్లోను కట్టి పాడుకున్న పాటలన్నీ పుస్తకంగా వేయించాలని ఆయన పట్టుదల. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆ పాటలు ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ తల కూడా ఈమధ్య ముక్కు మీదున్న కళ్లజోడునే వెతుకుతోందని ఆయనే నవ్వేవారు, నవ్వుతూనే భయపడేవారు. ఆయన పాడటం, నేను టైపు చేయడం. అలా వంద పాటలు దాటాయి. "ఇంకోదాన్లో కూడా దాసి ఉంచరా బాబూ" అని ఆయనంటే, "హార్డ్ డిస్క్ అంటే ఇనప్పెట్టె మాస్టారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అనేవాణ్ణి. సీడీలోకి ఎక్కించడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు నాకు రెండు నెలలపాటు దొరకలేదు.

ఆ సమయంలోనే షాపులోకి బల్లి వచ్చింది. వచ్చిందని మేమనుకున్నాం, కంటికి కనపడదు, ఉండుండి టిక్ టిక్ టిక్ అని పలుకుతుంది. "ఈ సీజన్లో పెళ్లి కార్డులు బాగా వత్తాయిరా" అని బావ అన్నాడో లేదో, టిక్ టిక్ టిక్. బావ బల్ల మీద వేలితో మూడుసార్లు కొట్టి "సత్యం! ఇన్నావా?" అన్నాడు. కార్డు వేయించడానికి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి ఒకాయన "సంబంధం మంచిదేనండి" అన్నాడు, అది పలికింది, ఆయనకు కళ్లనీళ్లొక్కటే తక్కువ. "దాన్ని సీపురెట్టి కొట్టీకు, మన అదృష్టం అది" అని బావ నన్ను హెచ్చరించాడు. ఇదిలా ఉండగా, రోజూ పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి, ముందుకెళ్లాలంటే ఎఫ్1 నొక్కమనేది. నొక్కేవాణ్ణి. (హార్డ్ డిస్క్ పాడవుతోంది, వెంటనే కాపీ తీసుకొని మార్చుకోండి అని ఆ వాక్యానికి అర్థం. అంత పెద్ద వాక్యంలో నేను చదివింది ఎఫ్1 ఒక్కటే.) ఫైలు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చన్నట్టయింది. ర్యామ్‌ని రుద్దాను. రబ్బరు అరిగిపోయింది గాని జబ్బు తగ్గలేదు. వైరస్ అన్నాను.

ఒక ఉదయం పాట మధ్యలో మాస్టారు ఊపిరి తీసుకుంటుంటే బావ, "మీ పాటలు ఊరూరా పాడుకుంటారు సూడండి మాస్టారూ" అన్నాడు. టిక్ టిక్ టిక్. బావ బల్ల కొట్టాడు, నేనూ కొట్టాను. మాస్టారు కొట్టలేదు. ఆయనకు బల్లిశకునం పట్టింపు లేదు కాబట్టి, మా ఇద్దరికీ తట్టని పని చేశారు: ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చూశారు. వంగి కంప్యూటర్ కేబినెట్‌కి చెవి ఆనించి, "ఒరే బాబూ, మీ బల్లి ఇందులో ఉందేటిరా?" అన్నారు. నేను పెద్ద నిపుణుడిలా నవ్వాను. "ఓపాలి ఆపి సూడు" అన్నారు. ఆపాను, బల్లి ఆగింది. ఆన్ చేశాను, పలికింది. డిస్కు టిక్కుటిక్కుమంటే దాని ప్రాణం పోతోందని కోర్సులో చెప్పారట. ఆ రోజు నేను మ్యాట్నీలో ఉన్నాను, పక్కవాడి నోట్సు చూసి రాసుకున్నాను, మళ్లీ చదవలేదు.

"మరి మాయమ్మ పాటలు?" అన్నారు మాస్టారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

పక్క వీధి ఇంటర్నెట్ సెంటరువాణ్ణి బతిమాలి ఇంకో హార్డ్ డిస్క్ తెచ్చి తగిలించి, ఒక్కొక్క పాటే అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. "ఎవులూ మాటాడకండి, మళ్లీ పలికేత్తాది" అంటూ బావ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లని వచ్చినట్టే సైగలతో పంపేశాడు. మాస్టారు కళ్లు మూసుకొని ప్రార్థనలో ఉన్నారు. బావ ఆంజనేయస్వామికి మొక్కుకున్నాడు (కొబ్బరికాయ తర్వాత నాచేతే కొట్టించాడు). పాటలన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. దాని దగ్గర డిస్కు గట్టిగా టిక్కుమని, ఇక శాశ్వతంగా నోరు మూసుకుంది.

ఆ పాట మాస్టారు మళ్లీ పాడారు. ఆఖరి చరణం రాలేదు. మొదటినుంచి ఎత్తుకున్నారు, అయినా రాలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి గాని మాట లేదు. ఆ ముఖం చూడలేక నేను అరువు డిస్కు మీద నడుస్తున్న కంప్యూటర్ ముందుకెళ్లి, వేళ్లకైనా గుర్తుందేమోనని కళ్లు మూసుకొని కీబోర్డు మీద చేతులు పెట్టాను. నిజంగానే నడిచాయి. "మోపు సగం నువ్వు మొయ్యవా ప్రభువా" దాకా వచ్చి, తర్వాతి లైను దగ్గర ఆగిపోయాయి. ఆయన నా వైపే చూస్తున్నారు. ఇక ఆలోచించకుండా కొట్టేశాను: "సందేళ దించి నా సెమట తుడవవా." గుర్తొచ్చినవాడిలాగే ముఖం పెట్టాను. నా జీవితంలో నేను చెప్పిన కవిత్వం అదొక్కటే, అదీ దొంగది.

పుస్తకం అచ్చయి, వాళ్ల ఊరి చర్చిలో ఆడవాళ్లు ఆ పాట ఎత్తుకున్న రోజు మాస్టారు నా పక్కనే కూర్చున్నారు. ఆ లైను రాగానే నా చెవి దగ్గరకు వంగి, "మాయమ్మ ఇలాగ పాడలేదురా" అన్నారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "పాడుంటే బాగుండును" అని, వాళ్లతో గొంతు కలిపారు.

ఇప్పుడు నా దగ్గర ప్రతి ఫైలుకీ మూడు కాపీలున్నాయి. ఇంట్లో బల్లి పలికితే మా ఆవిడ "సత్యం" అని గోడ కొడుతుంది, నేను లేచి వెళ్లి కంప్యూటర్‌కి చెవి పెడతాను. ఆ దొంగ లైనుకి మాత్రం కాపీ దాచుకోలేదు, దాని అవసరమూ రాలేదు. చెరకు నరికే రోజుల్లో ఎస్. రాయవరం వైపు వెళ్తుంటే, బస్సు ఆగినచోట ఏ తోటలోంచో ఒక్కోసారి అది వినిపిస్తుంది. "ఊరూరా పాడుకుంటారు" అన్న బావ మాట గుర్తొస్తుంది. అప్పుడు ఎవరూ చూడకుండా ముందు సీటు మీద వేలితో మూడుసార్లు కొడతాను.