పెద్దాయన అంటే ముసలాయన కాదు

మా మామను చంపింది పులి. పుస్తకంలో మాత్రం ఎవరో ముసలాయన వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడని అచ్చేశారు.

నిన్న టీవీలో ఆ పుస్తకం రాసిన పెద్ద రచయితకు సన్మానం చూపించారు. వేదిక మీదివాళ్లు ఆయన నవలలన్నీ ఏకరువు పెట్టారు గానీ మా ఇంటి కథను ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తరు. ఆరు పేజీల కథ, పాత సంపుటి చివర పడి ఉంది. ఊళ్లల్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, ఖమ్మం బస్టాండు పక్కన పాత పుస్తకాల బండి మీద అది నా కంట పడింది. నేను బడి మెట్టెక్కినవాణ్ణి కాదు. మిర్చి యార్డులో హమాలీగా ఉంటూ బస్తాల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అలా నేర్చినవాడికి అచ్చులో ఉన్నదంతా నిజమేనన్న నమ్మకం ఉంటుంది. ఆ రోజుతో నాకది పోయింది. కథలో ఒకతను ఇప్పచెట్టు కింద ఎండుటాకులు కాల్చి, తెల్లవారుతుండగా పువ్వు ఏరుకుంటూ ఉంటాడు. పిట్టలన్నీ ఒక్కసారిగా గొంతు మూసుకుంటాయి. చారల శాలువా కప్పుకున్న ముసలాయన పొగలోంచి వచ్చి ‘పోదామా’ అంటాడు. అతను నవ్వుకుంటూ వెంట నడుస్తాడు. భార్యకు పాలకొడిసె పొద మీద తువ్వాలు ఒక్కటే మిగులుతుంది. ముందుమాటలో ఎవరో దీన్ని అద్భుతమైన కల్పన అని మెచ్చుకున్నారు. కల్పనట! ఆ తువ్వాలును పొద మీంచి తీసినవాణ్ణి నేను.

భద్రాచలం అవతల, అడవి అంచున మా మేనత్త ఊరు. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో అక్కడ పులిని పేరుపెట్టి అనరు. పిలిస్తే వస్తుందని భయం. ‘పెద్దాయన’ అంటారు. మామ పోయిన మరుసటి ఏడు ఈ రచయిత వచ్చి అత్త అరుగు మీద రెండు రోజులు కూర్చున్నాడు. ఫారెస్టువాళ్ల మనిషేమోనని నేను ఇంట్లో గొడ్డళ్లన్నీ గడ్డివాములో దాచేశాను. “పెద్దాయన తీస్కపోయిండు సారూ” అని అత్త చెప్పింది. పట్నపు మనిషి కదా, పెద్దాయన అంటే ముసలివాడనుకుని ఉంటాడు. తెలియనితనమని వదిలేద్దును. కానీ మామ శవం దొరకలేదు. “పులీ లేదు గిలీ లేదు, బస్తరు దిక్కు ఇంకో సంసారం పెట్టిండు” అని ఊళ్లో కొందరు ఏళ్ల తరబడి అత్తను గుచ్చుతూనే ఉన్నారు. ఇప్పుడు పుస్తకమే ఆయన నవ్వుకుంటూ పోయాడంటే, ఆ నోళ్లకు సాక్ష్యం దొరికినట్టే కదా.

బస్సెక్కి, ఆటో మారి అత్త దగ్గరికి పోయాను. ఆమెకు చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు.

“ఏంది అల్లుడా, కాయితాలు పట్టుకొచ్చినవ్? పింఛను గిట్ల పెంచిండ్రా?”

కథంతా చదివి వినిపించాను. చింతపండులోంచి గింజలు తీసే చెయ్యి ఆపకుండా విన్నది.

“మంచిగనే రాసిండు” అంది.

“ఏం మంచిగ అత్తా! ముసలోడంట! పులి అని రాయాలె గదా?”

“ఊకో, సచ్చినోడా! పేరెత్తుతవేంది?” అని చింతగింజ నా మీదికి విసిరింది.

“మామ నవ్వుకుంట పోయిండని రాసిండు. నీకు రోషం లేదా?”

“నా రోషం గూడ నువ్వే మోస్తున్నవ్ గదా. హమాలీవి.”

ఆమె నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. పోతూ పోతూ ఆ రచయిత అత్తకొక కంబళి ఇచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. ఒక్క కంబళికి నోరు కట్టేసుకుందా అని, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషినే అనుమానించాను. దాచడం ఎందుకు, తిరుగు బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. పుస్తకం వేసినవాళ్లకు ఉత్తరం రాస్తే జవాబు లేదు. కొన్నాళ్లు పోస్టుమాను మీద కూడా కన్నేసి ఉంచాను. చివరికి రచయిత చిరునామానే సంపాదించాను. మామను పులి ఎత్తుకుపోయిందని, మీ తప్పు వల్ల ఒక ఆడమనిషి మొగుడు వదిలేసినదనే మాట పడుతోందని, మళ్లీ అచ్చులో దిద్దకపోతే ఊరుకోనని రాశాను. నాలుగు నెలలకు ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది.

“అయ్యా, పులి అని నాకు ఆ రోజే తెలుసు. అంతా చెప్పాక మీ అత్తగారు నా కలం పట్టుకుని ఆపారు. ‘దాని పేరు రాయకు సారూ. నోటితోని అంటే ఒక్కపాలి పిలిచినట్టు. రాస్తే సదివేటోళ్లందరు పిలుస్తరు. ఇంకెవరింటికో పోతది’ అన్నారు. పులి అని రాయకపోతే మీ ఆయన మిమ్మల్ని వదిలి వెళ్లాడని జనం అనుకుంటారమ్మా అన్నాను. ‘అనుకోనియ్యి. నా మీద పడ్డ మాట నాతోనే పోతది’ అన్నారు.”