మెడ వాల్చిన మేస్త్రి

పైపుల మేస్త్రికి కొలత టేపంటే చిన్నచూపు. పైపు కొయ్యబోయే ముందు మెడను ఎడమ భుజం మీదికి వాల్చి, ఒక కన్ను మూసి, తనంత మొనగాడు పుట్టలేదన్నట్టు గోడను పరికిస్తాడు. చెవి మీది పెన్సిలు కొన్ననాటి మొనతోనే ఉంది. కోసిన పైపు ఎప్పుడూ పొట్టిదవుతుంది, దానికో ముక్క అతికిస్తాడు. పైపు మలుపులో పెట్టే ఎల్బోకి ముందు జిగురు పూసి, అది ఎటు తిరగాలో ఆ తర్వాత ఆలోచిస్తాడు. ఆలోచన తెమిలేలోగా జిగురు బిగుసుకుంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "మీ గోడే వంకరండీ" అంటాడు.

మొన్న ఒకరింట్లో వంటగది సింకు కింద పైపు బిగించాడు. కోడలు చెంబెడు నీళ్లు పోసింది. పైపు బయటి వైపుకి ఎత్తుగా లేచి ఉండడంతో, అవి గుడగుడమంటూ వెనక్కి తన్ని సింకులోనే నిలిచాయి.

"నీళ్లకి ఊపు లేదమ్మా. పైపు చూడండి, ఎంత తిన్నగా ఉందో," అన్నాడు మెడ వాల్చి.

అత్తగారు వచ్చి, అచ్చం అతనిలాగే మెడ వాల్చి, ఒక కన్ను మూసి చూసింది.

"నిజమే నాయనా, ఇలా చూస్తే తిన్నగానే ఉంది. వెళ్లేముందు ఆ నీళ్లకి కూడా కాస్త మెడ వాల్చడం నేర్పి వెళ్లు."