పదికి నాలుగు

రేనో కల్లియోకు ప్రపంచంలో ఒక్కటే పట్టు తెలుసు. ఎదుటివాడి నడుముకు తన రెండు కాళ్లూ చుట్టి, మడమలు ఒకదానిమీద ఒకటి మెలివేసి, నిమ్మకాయ పిండినట్టు పిండడం. నేల కుస్తీలో మెడ బిగించే విద్యలున్నాయి, మోచేయి వెనక్కి వంచే విద్యలున్నాయి, పాదం తిప్పి నాస్తికుడి చేత కూడా దేవుణ్ణి పిలిపించే విద్యలున్నాయి. వాటన్నిటినీ రేనో, శాకాహారి మాంసం కొట్టును దాటినట్టు, పద్నాలుగేళ్లుగా మర్యాదగా దాటిపోతూ వచ్చాడు.

పిండుతూ ఒక ప్రశ్న అడుగుతాడు.

"ఎంత?"

పదికి ఎంత అని అర్థం. ఒకటంటే దోమ వాలినట్టు. పదంటే వీలునామా రాయవలసినట్టు.

"నాలుగు," అంటాడు లోపలివాడు.

రేనో ముఖం వెలిసిపోయిన చొక్కాలా అవుతుంది. "నాలుగేనా? సరే, గురువారం చూద్దాం."

ఈ కుస్తీలో ఓటమి ఒప్పుకున్నవాడు చేత్తో చాప మీద తడతాడు. తట్టిన మరుక్షణం వదిలేయాలి. పద్నాలుగేళ్లలో, ఎన్నో గురువారాల్లో, రేనో కాళ్ల మధ్య తట్టిన ప్రాణి ఒక్కటీ లేదు.

కెనడాలోని థండర్ బే ఊళ్లో, బట్టలుతికే దుకాణం కింద నేలమాళిగలో ఉండేది ఆ కుస్తీశాల. పైన ఆరబెట్టే యంత్రాలు తిరుగుతుంటే కింద వెచ్చగా ఉండేది. జనవరిలో అంతకు మించిన సదుపాయం మరొకటి లేదు. అక్కడ గెలిచినవాడూ ఓడినవాడూ ఒకేలా సబ్బు వాసన వేసేవారు.

కోచ్ లోర్న్ పెట్రిషిన్ శాస్త్రం తెలిసినవాడు. శాస్త్రం తెలిసినవాడికి రేనోను చూస్తే కడుపులో మంట.

"కాళ్లతో నడుము పిండితే ఎవడూ తట్టడు, రేనో. దేవుడు పక్కటెముకలు ఊరికే పెట్టలేదు."

"తొడలు మాత్రం ఊరికే పెట్టాడా?"

"అది కొత్తవాళ్ల మీద పనిచేస్తుంది. పాతవాడు మోచేతులు లోపలికి దూర్చి, కాఫీ తాగుతూ కూర్చుంటాడు."

"కొత్తవాళ్లు కూడా నాకెప్పుడూ తట్టలేదే?"

"ఇన్నాళ్లుగా నేను మొత్తుకునేది అదేనయ్యా!"

నూట ఇరవై కిలోల టెస్సియే అనే దుంగల లారీ డ్రైవరు మరీ అన్యాయం. రేనో పట్టులో ఉండగా ఇంటికి తీసుకెళ్లవలసిన సరుకులు పైకే చదువుకునేవాడు. "పాలు, గుడ్లు, బంగాళాదుంపలు... తాతా, కాస్త ఎడమవైపు పిండు, నిన్నటినుంచి అక్కడ పట్టేసింది."

"ఎంత?" అనేవాడు రేనో, చలించకుండా.

"నాలుగు. ఆ, ఉల్లిపాయలు."

ఇటువంటి చోటికి ఒక నవంబరులో డోరీన్ వచ్చింది. వయసు నలభై నాలుగు, సిటీ బస్సు డ్రైవరు. ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రెండేళ్ల కిందట మంచులో బస్సు జారి కాలవలోకి ఒరిగింది. ప్రయాణికులందరూ క్షేమంగా దిగిపోయారు గాని, ఆమె మాత్రం స్టీరింగుకీ సీటుకీ మధ్య నలభై నిమిషాలు ఇరుక్కుపోయింది. అప్పటినుంచి ఛాతీ మీద బరువు పడితే చాలు, ఊపిరి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేది. ఆ భయాన్ని దాని ఇంట్లోనే ఎదుర్కోవాలని మూడు కుస్తీశాలల్లో చేరింది. మూడింట్లోనూ వారం తిరక్కుండా "మోకాలు నొప్పి" అని మానేసింది. ఆ మోకాలికి ఇంతవరకూ ఏ నొప్పీ లేదు. ఇది నాలుగోది. ఇదీ కాకపోతే ఇంక ఈ ప్రయత్నమే వద్దని తనతో తాను ఒట్టు పెట్టుకుంది.

మొదటిరోజు షూస్ తలుపు దగ్గర కాకుండా చాప అంచునే, చేతికందేలా పెట్టుకుంది.

"పెద్దాయన దగ్గరికి వెళ్లమ్మా," అన్నాడు కోచ్. కొత్తవాళ్లందరినీ ఆయన దగ్గరికే పంపడం అక్కడి రివాజు. "ఆయన పట్టులో చీమ కూడా చావదు."

రేనో కాళ్లు చుట్టాడు. "ఎంత?"

డోరీన్ నోరు తెరిచింది. మాట రాలేదు. ఎప్పటికో, "ఒకటి," అంది.

పట్టు అప్పటికే సడలిపోయి ఉంది. ఆమె గమనించలేదు.

"డ్రైవరమ్మా, ఒకటి చెప్పడానికి ఇంత ఆలోచనా? మళ్లీ. ఎంత?"

"ఒకటిన్నర."

"ఇప్పుడు?"

"రెండు. పెద్దాయనా, ఇది కుస్తీయా, జనాభా లెక్కలా?"

"తిట్టు, తిట్టు, పరవాలేదు. ఎంత?"

వారం తిరిగింది. మోకాలు నొప్పి రాలేదు. క్రిస్మస్ నాటికి ఆమె మూడుకు చేరింది. మంచు కరిగేసరికి, అందరిలాగే, ఏమాత్రం కనికరం లేకుండా "నాలుగు" అనగలిగింది. రేనో దిగులుపడ్డాడు. ఆమె ఇంటికెళ్లేదాకా నవ్వుకుంటూనే ఉంది.

ఏడాదిన్నర గడిచాక, ఈ విద్యలో తొలి మెట్టయిన నీలం బెల్టు పరీక్ష వచ్చింది. ఆ కుస్తీశాలలో దాని పద్ధతి ఇది: ఐదుగురితో వరసగా, ఒక్కొక్కరితో రెండేసి నిమిషాలు. ఎన్నిసార్లు తట్టినా తప్పులేదు, చాప వదిలి లేచిపోతేనే తప్పు. చివరి వంతు ఎప్పుడూ రేనోది. దాన్ని అందరూ విశ్రాంతి కింద లెక్కవేసేవారు.

ఇద్దరితో బాగానే గడిచింది. మూడోవాడు టెస్సియే. మంచివాడే, కాని తన లారీలోంచి దుంగ దొర్లినట్టు మనిషి మీద పడతాడు. అలాగే పడ్డాడు, సరిగ్గా ఛాతీ మీద.

ఊపిరి వెళ్లిపోయింది. పైకప్పు బస్సు పైకప్పయింది. తట్టితే టెస్సియే వదిలేస్తాడన్న సంగతే డోరీన్‌కు తోచలేదు. కళ్లు తలుపు వెతికాయి. చేయి చాప అంచుకోసం, ఇప్పటికీ అక్కడే పెట్టుకునే షూస్ కోసం పాకింది.

"ఎంత?"

గోడకానుకుని, ఆ ఊళ్లో పర్షియన్ అని పిలిచే గులాబీ పూత తీపి బన్ను తింటున్న రేనో అడిగాడు.

"నన్నా తాతా?" అన్నాడు టెస్సియే.

"నిన్ను కాదురా, దుంగా. డ్రైవరమ్మా! ఎంత?"

"ఎ... ఎనిమిది."

"వినబడలేదు!"

"ఎనిమిది! వినబడదా మీకు? బన్ను తినడం ఆపి వినండి!"

అనేసి డోరీన్ తానే ఆశ్చర్యపోయింది. ఊపిరి లేని మనిషి ఇంత పొడుగు తిట్టు తిట్టలేడు.

"ఇప్పుడు?"

"ఏడు!"

"ఇప్పుడు?"

"ఆరు... ఉండండి, పనిలో ఉన్నాను!" అంటూ మోకాలు లోపలికి దూర్చి, పక్కకు తిరిగి, దుంగను దొర్లించేసింది. టెస్సియే పడుకున్నచోటే చప్పట్లు కొట్టాడు.

నాలుగో వంతు అయింది. ఐదో వంతుకు రేనో చేతులు తుడుచుకుని వచ్చాడు. కాళ్లు చుట్టాడు.

"పెద్దాయనా," అంది డోరీన్, "ఇవాళ నిజంగా పట్టండి."

రేనో కోచ్ వైపు చూశాడు.

"కానీ, కానీ," అన్నాడు కోచ్ నవ్వుతూ. "పరీక్ష కదా, కాసేపు విశ్రాంతి తీసుకోనీ పాపం."

రేనో ఏమీ చేయలేదు. ఆమె ఊపిరి వదిలేదాకా ఆగాడు. వదలగానే, ఆమె నడుము కుంగిన మేరా ఆయన తొడలు ఆక్రమించుకున్నాయి. ఆమె మళ్లీ వదిలింది. మళ్లీ ఆక్రమించుకున్నాయి. మూడోసారి ఆమె చేయి తనంతట తానే చాప మీద ఠపఠపా తట్టింది.



"ఎంత?" అన్నాడు రేనో, వదిలేసి, మృదువుగా.

డోరీన్ వేళ్లు చూపించింది. పదీ చూపించింది.

"ఇదంతా నాటకం," అన్నాడు టెస్సియే. "ఏదీ తాతా, నన్ను పట్టు. పాలు, గుడ్లు, బం..." బంగాళాదుంపలు ఆ రోజు ఇల్లు చేరలేదు. రెండు చేతులతోనూ, అవి చాలక కాలితోనూ తట్టాడు. కోచ్ పెట్రిషిన్ శాస్త్రం తరఫున బరిలోకి దిగి, మోచేతులు లోపలికి దూర్చుకుని, మూడు ఊపిర్లు నిలిచాడు. నాలుగని ఆయన నేటికీ వాదిస్తాడు.

"పద్నాలుగేళ్లు!" అన్నాడు కోచ్, పక్కటెముకలు లెక్కపెట్టుకుంటూ. "ఇది పెట్టుకుని, పద్నాలుగేళ్లు నాలుగనిపించుకున్నావా?"

రేనో సిగ్గుపడ్డాడు. ఆయన ముప్పై ఒక్క సంవత్సరాలు రేవులో, ధాన్యం నిలవచేసే గాదెల్లో పనిచేసి వచ్చినవాడు.

"గాదెలోకి మనిషిని తాడు కట్టి దించుతాం. గోధుమలు జారితే మనిషిని ఇలాగే పట్టుకుంటాయి. వాడు ఊపిరి వదిలిన మేరా అవి జరుగుతాయి. అందుకని పైనున్నవాడు ఊరికే ఉండకూడదు. 'ఎంత?' అని అరుస్తూ ఉండాలి. కిందివాడు మోకాలిదాకా అనో, నడుందాకా అనో అంటాడు. ఏదంటే ఏం? మాట వస్తోందంటే ఊపిరి ఉన్నట్టే. మాట ఆలస్యమైందా, తాడు లాగెయ్యడమే." డోరీన్ వైపు తిరిగాడు. "నువ్వు మొదటిరోజు ఒకటి అనడానికి చాలాసేపు తీసుకున్నావు."

డోరీన్‌కు ఆ సడలిన పట్టు అప్పుడు గుర్తొచ్చింది.

"మరి మేం నాలుగన్నప్పుడల్లా ఆ దిగులు ముఖం ఎందుకు తాతా?" అన్నాడు టెస్సియే.

"అది లేకపోతే నాలుగనడంలో మీకు మజా ఏముందిరా?"

తరువాతి గురువారం అంతా మామూలే. రేనో కాళ్ల మధ్య టెస్సియే ముఖం ఎర్రబడి ఉంది. "ఎంత?" అంటే, "నాలుగు," అన్నాడు భక్తితో.

ఆ రోజే కొత్తగా ఒక లెక్కల మేష్టారు చేరాడు. షూస్ చాప అంచునే పెట్టుకున్నాడు. కోచ్ ఆయన్ని ఈసారి నీలం బెల్టు కట్టుకున్న డోరీన్ దగ్గరికి పంపాడు.

ఆమె కాళ్లు చుట్టింది. "ఎంత?"

చాలాసేపటికి జవాబొచ్చింది. "రెండు."

అప్పటికే పట్టు సడలించిన డోరీన్, తనకు చేతనైనంత దిగులుగా ముఖం పెట్టింది. "రెండేనా? సరే, గురువారం చూద్దాం."

గోడ దగ్గర బన్ను నములుతున్న రేనో పెదవి విరిచాడు.

"పట్టు బాగానే ఉంది, డ్రైవరమ్మా. ఆ దిగులే ఇంకా కుదరలేదు. ఇంటి దగ్గర అద్దం ముందు సాధన చెయ్యి."