మోత వచ్చాక చూపించిన రాకెట్టు

మా ఊళ్ళో రాకెట్టు ముందు కనిపిస్తుంది, మోత తర్వాత వస్తుంది. చిట్టమూరు దగ్గర మా మిద్దె ఎక్కి ఆగ్నేయ మూలకు చూస్తే, పులికాట్ నీళ్ళకు అవతల నిప్పు లేస్తుంది. చప్పుడుండదు. నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉంటాం. అది పైకెళ్ళి, వంగి, కంటికి ఆనకుండా పోయాక, తీరిగ్గా ఏ రెండు నిమిషాలకో గడగడమని మోత వచ్చి కిటికీ అద్దాలను పట్టి ఊపుతుంది. ఇక్కడి వాళ్ళకు ఇది వింత కాదు. మా అత్తకు మాత్రం తెలియదు. తెలియనివ్వకుండా చేసిన పాపిష్టిదాన్ని నేనే.

మా అత్తది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. మామ పోయాక మా దగ్గరకు వచ్చేసింది. వచ్చేటప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి, ఎదుట నిలబడింది మనిషో గుంజో పలకరిస్తే గానీ తెలిసేది కాదు. ఆమె నాకు మేనత్త కూడా. అందుకే మా మధ్య మీరూ గారూ లేవు. మొండితనం కూడా ఇద్దరికీ ఒకే ఇంటి నుంచి వచ్చింది.

ఆమె వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం రాకెట్టు ఎగిరింది. చెయ్యి పట్టుకుని మిద్దె ఎక్కించాను. తీరా అది లేచాక, చూడడంలో పడి ఆమెకు చెప్పడమే మరిచిపోయాను. మోత వచ్చింది. ఆమె ఉలిక్కిపడి, "ఏడమే, ఏడుండాది?" అని తల పైకెత్తింది. ఆకాశంలో పొగచార తప్ప ఏమీ లేదు. ఆ ముఖంలో ఆశ చూశాక, పోయిందత్తా అనడానికి నాకు నోరు రాలేదు. అదుగో, తాటిచెట్టు పైన అని ఆమె గడ్డం పట్టుకుని అటు తిప్పాను. ఎర్రగా బొగ్గుల కుంపటి మాదిరి ఉందని, తోక బారెడుందని, మబ్బులో దూరిందని, మళ్ళీ బయటకొచ్చిందని మోత ఆగేదాకా చెప్తూనే ఉన్నాను. ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

అంతే, ఇరుక్కున్నాను. నిప్పు లేచినప్పుడే చెప్తే మొదటి రోజు అబద్ధం బయటపడుతుంది. తర్వాత ప్రతి రాకెట్టుకూ అదే తంతు. ముందు మేము గుట్టుచప్పుడు కాకుండా చూసుకోవడం, మోత వచ్చాక ఆమెకు చూపించడం. పక్క మిద్దె అక్క కూడా మాతో చేరి, ఆ తాటిచెట్టు వైపే చెయ్యి చాపి కేకలు పెట్టేది. ఏదో ఒక రోజు దొరికిపోతావని మా ఆయన నవ్వేవాడు.

ఆ రోజు దగ్గరపడింది. నెల్లూరు ఆసుపత్రిలో అత్తకు కంటి ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. అదే వారం, పాడైపోయిన శాటిలైట్ ఒకటి కిందికి జారుతోందనీ, ఎక్కడ పడేదీ ఇంకా చెప్పలేమనీ టీవీలో గంటగంటకూ ఊదరగొట్టారు. మా అత్త మంచం దిగనంది. కంటికి కట్టు ఉంటే, అది నెత్తిన పడేటప్పుడు ఎటు పరిగెత్తాలో ఎట్లా తెలుస్తుందని ఆమె వాదన. నాకు ఒళ్ళు మండింది. కళ్ళు బాగుంటే మాత్రం దాన్ని ఒడిసి పట్టుకుంటావా అని అరిచాను. మూడు రోజులు మాటల్లేవు. నేను కంచం ఠపీమని పెట్టేదాన్ని, ఆమె తిని ఠపీమని తోసేది. పోనీలే, కళ్ళు రాకపోతే నా అబద్ధం కూడా బయటపడదు గదా అని ఆ మధ్యలోనే ఒక పాడు ఆలోచన వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమెను కదిలించింది నేను కాదు, మళ్ళీ ఆ టీవీయే. శాటిలైట్ ఎక్కడో సముద్రంలో పడి చల్లారింది. ఆ వెనకే, అంతరిక్షంలో స్టేషన్ దాకా వెళ్ళిన మనవాడొకడు తిరిగి వచ్చాడు. అతను కూర్చున్న డబ్బా పారాచూట్లకు వేలాడుతూ సముద్రంలో పడడం, దాన్ని పైకి తీయడం, అతను నవ్వుతూ బయటకు రావడం చూపించారు. చూడలేని మనిషికి ఎవరో ఒకరు చెప్పాలి గదా. కోపం పక్కన పెట్టి అంతా చెప్పాను. ఆమె మంచం మీద నుంచి కాళ్ళు కిందికి దించింది.

"అంత పైనుంచి మనిషే పడి నవ్వతా లేసినాడా? అయితే నేను దేనికి భయపడేది? పద, కళ్ళు చేయించుకుందాం. ఈ తూరి రాకెట్టును నా కళ్ళతో చూడాల."

ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళూ బాగయ్యాయి. నల్లద్దాలు తీసిన రోజు నన్ను ఎగాదిగా చూసి, ఇంత లావు ఎప్పుడైనావని అడిగింది. ఇల్లంతా నవ్వులే. గోడ మీద బల్లిని, చారులో కరివేపాకును కూడా పలకరించింది. నాకు మాత్రం రాకెట్టు రోజు దగ్గర పడేకొద్దీ దిగులు పెరిగింది. తను దణ్ణాలు పెట్టింది ఉత్త ఆకాశానికని తెలిస్తే? చూపు లేనిదని అందరం కలిసి ఆడించామనుకుంటే? నువ్వే మొదలుపెట్టావు, నువ్వే చెప్పుకో అన్నాడు మా ఆయన. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ కాఫీ కావాలా అని అడిగి వచ్చేశాను.

ఆ రోజు రానే వచ్చింది. రాకెట్టు రోజు పడవలు సముద్రంలోకి పోకూడదు, చేపలు రావు, అందుకని మా ఇంట్లో ఎప్పుడూ పప్పుచారే. అత్త గబగబా తినేసి, కొత్త చీర కట్టుకుని, అందరికన్నా ముందు మిద్దె మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. నిప్పు లేచింది. ఆమె కూడా లేచి నిలబడింది. నేను రాకెట్టును చూడలేదు, ఆమెనే చూశాను. కళ్ళ నిండా నీళ్ళు. అది చిన్న చుక్కై మాయమయ్యాక నా వైపు తిరిగి, "మోత ఏదిమే?" అంది.

వస్తుందత్తా అన్నాను.

వచ్చింది. కిటికీలు ఊగాయి. పక్క మిద్దె అక్క అలవాటు కొద్దీ తాటిచెట్టు వైపు చెయ్యి చాపి, పెద్దమ్మా అదుగో అదుగో అని కేకేసింది. మా అత్త ఆ చెట్టు పైన చూసింది. ఏమీ లేదు. మళ్ళీ నన్ను చూసింది.

"మొదటి రోజు నీకు చెప్పేది మరిచిపోయినా అత్తా," అన్నాను. "నీ ముఖం చూసి అబద్ధమాడినా. తర్వాత ఆపలేకపోయినా."

మోత ఇంకా గడగడలాడుతూనే ఉంది. ఎన్ని తిడుతుందో అని చూస్తున్నాను. ఆమె పెదవి విరిచింది.

"ఇది శానా చిన్నదిమే. నువ్వు చూపించిందే పెద్దది."

కుర్చీలో కూర్చుని, తాటిచెట్టు వైపు ముఖం తిప్పి, లక్షణమైన ఆ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. మోత ఆగేలోపల చెప్పమంది. నేను ఏడుస్తూ, నవ్వుతూ, ఆమె గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తి, చెప్పడం మొదలుపెట్టాను.